రెండుంబావు తర్వాత

కూడేరు దాటినాక, ఎర్రమట్టి దారిలో
మూతి మీద బండ పెట్టిన పాత బోరు ఒకటుంది.
టేపు కొసకు సుద్ద పూసి అందులోకి వదిలేది దస్తగిరి.
పైకి లాగి, సుద్ద ఎక్కడిదాకా కరిగిందో చూసి
"నూటా పన్నెండు అడుగులా మూడంగుళాలు" అంటాడు.
నేను రాసుకుంటాను.
నా పీహెచ్‌డీ అంతా ఆ సుద్ద గీత కింద ఉంది.

మామూలు సమీకరణం ఈ బోరుకు కుదరలేదు.
మామూలు అవకలజానికి మతిమరుపు.
ఈ క్షణాన నీళ్లు ఎంత వడిగా దిగుతున్నాయని అడిగి
జవాబు తీసుకొని వెళ్లిపోతుంది.
నిన్న ఎవరు తోడారో, ఎన్ని గంటలు తోడారో
దానికి పట్టదు.
రాతి నెర్రెల్లో నీళ్లు అట్లా నడవవు.
ఒక నెర్రెలో ఆగి, నానుస్తూ, ఎప్పుడో
పక్కదాంట్లోకి జారతాయి.

అందుకని మద్దిలేటి సారు
ముప్పావు అవకలజం పెట్టమన్నాడు.
అది మొదటిరోజు నుంచి జరిగిందంతా అడుగుతుంది,
మొన్నటిది గట్టిగా, పోయినేటిది మెల్లగా,
ఏ రోజునూ పూర్తిగా కొట్టెయ్యకుండా.

"సగం కోసేది తెలుసు. ముప్పావుసారి కోసేదేందిమే?"
హాస్టల్ మెస్సులో ఉల్లిగడ్డలు తరుగుతూ మా అమ్మ.
నవ్వేశాను.
నాకు మాత్రం, చేత్తో చేయడం వచ్చు గానీ
కళ్లముందు పెట్టుకోవడం రాదు.

దీనికి సూటి జవాబు లేదు, శ్రేణి ఉంది.
మొదటి పదం తొలిరోజు నీటిమట్టం,
దస్తగిరి నోటిమాట.
దాన్ని సమీకరణంలో వేస్తే రెండోది పుడుతుంది,
రెండోదాన్ని వేస్తే మూడోది.
ముందుదాని తప్పు దిద్దడానికి వచ్చిన ప్రతిదీ
తన తప్పొకటి వదిలిపెట్టి పోతుంది.
కాలం నెత్తిన ఘాతాలు:
ముప్పావు, ఒకటిన్నర, రెండుంబావు.
వీసం, పరక, పావు అని మా జేజి
కొట్టు బాకీ లెక్కేసే రాగంలోనే పలికాను.

నాలుగో పదానికి పదకొండు కాగితాలు.
ఏడో కాగితంలో ఒక మైనస్ తప్పిపోయింది.
వారం వెతికాను.
టీ మరక కింద దొరికింది.

ఐదోది వద్దన్నాడు సారు.
"నాలుగు చాలమ్మా, వాళ్లు గ్రాఫే చూస్తారు."
ల్యాబ్‌లో కరెంటు పోయి వచ్చే నడుమ చేశాను.
ఘాతం మూడు.
నాలుగు ముప్పావులు మూడని
చిన్నపిల్లకైనా తెలుసు,
అయినా ఆ పూర్ణాంకాన్ని చూసి
కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.
కింద గామా కూడా విప్పుకొని
ఉత్త ఆరు అయింది.

గ్రాఫు గీశాను. తొలి వంద రోజులు
నా గీతకూ దస్తగిరి చుక్కలకూ
వీసమెత్తు తేడా.
ఆ తర్వాత గీత ఒరిగింది,
తాగొచ్చినవాడు గోడ వదిలేసినట్టు.
మొదలుపెట్టిన చోటుకు దగ్గర్లోనే నమ్మాలి శ్రేణిని.
వంద దగ్గర గ్రాఫును కత్తిరించొచ్చు.
కత్తిరించాను.

కార్తీకంలో ఫోను.
"పాపా, నీళ్లు పైకొచ్చినాయి. తొమ్మిదడుగులు."
ఎక్కడి నీళ్లన్నా, వాన ఏదీ?
"శ్రావణంలో రెండ్రోజులు కురిసిండ్లా!"

సమీకరణం కుడివైపు, వాన ఉండాల్సిన చోట
సున్నా పెట్టింది నేనే,
అనంతపురం కదా అని.
ఆ రెండ్రోజులూ నేను తిట్టుకున్నాను కూడా,
గదిలో కారి నా కాగితాలు తడిశాయని.
అవే నీళ్లు మూడు నెలలు రాళ్లలో పడి నడిచి
ఇప్పుడు చేరాయి.

కత్తిరించిన గ్రాఫును మళ్లీ తెరిచాను.
సున్నా కొట్టేసి, పక్కన పెన్సిలుతో రాశాను:
శ్రావణం, రెండు రోజులు.
ఎన్ని మిల్లీమీటర్లో దస్తగిరిని అడగాలి.
రింగవుతోంది, ఎత్తడం లేదు.
ఈ పొద్దుకు బోరు దగ్గరే ఉంటాడు,
టేపు కొసకు సుద్ద పూస్తూ.